నల్లరాయి దించుకునే ముందు

అమ్మలూ,

ఆటోనగర్‌లో షెడ్డు తీసుకుని గ్రానైట్ షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మా మేనకోడలు షాపు పెడుతోందని వీధంతా చెప్పుకున్నాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

జీఎస్టీ, కరెంటు మీటరు నువ్వు చూసుకోగలవు. నా భయమంతా స్లాబులు రెండువైపులా ఆనించి నిలబెట్టే స్టాండ్ల గురించే. రెండు సెంటీమీటర్ల మందం నల్ల స్లాబు చదరపు అడుగుకు సుమారు అయిదున్నర కిలోలు తూగుతుంది. పదడుగులకు ఆరడుగులదైతే 330 కిలోలు. స్టాండు ఒకవైపే ఖాళీ చేయించావా, మొత్తం ఒరుగుతుంది. స్లాబుల మధ్య కుర్రాళ్లను నిలబడనివ్వకు, నువ్వూ నిలబడకు. నవ్వుతావని తెలుసు. నవ్వుకో, నిలబడకు.

బంగారు చుక్కల నల్లరాయి ఉంది చూడు, బ్లాక్ గెలాక్సీ, అది మన చీమకుర్తి రాయి. బజార్లో గ్రానైట్ అంటాం గానీ అది గాబ్రో జాతి. గ్రానైట్‌లో దండిగా ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం ఇందులో దాదాపు ఉండదు. ప్లేజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ అనే ఖనిజాలు, అంతే ముఖ్యంగా. బరువెక్కువ అందుకే. భూమి లోతున శిలాద్రవం నిదానంగా చల్లారింది కాబట్టి గింజలు కంటికి ఆనేంత పెరిగాయి. అదే ద్రవం పైకి పొంగి గబగబా చల్లారితే సన్నగింజల బసాల్ట్ అయ్యేది. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్. నువ్వు అటూ ఇటూ జరిగి చూస్తే వెలిగి ఆరతాయి. మీ కొండపల్లి కొండల్లోనూ గాబ్రో ఉంది, బొమ్మలు కొని వచ్చేయడమే గానీ ఎవరు చూస్తారు!

మీ నాన్న దెబ్బతిన్నది నల్లరాయి దగ్గరే. చవగ్గా వస్తోందని లోడు దించుకున్నాడు. కాటుకలా నిగనిగలాడుతున్నాయి స్లాబులు. నాకేదో అనుమానంగా ఉందన్నా వినలేదు. బ్రాడీపేటలో ఒకరింట్లో వంటగట్టు వేశాం. కొన్నాళ్లకే నిమ్మచెక్క పెట్టినచోటల్లా బూడిదరంగు మచ్చలు. తీరా చూస్తే బూడిదరాయికి నల్లరంగు పట్టించి అమ్మారు. ఇంటావిడ ఒక్కమాట అనలేదు, గిన్నె జరిపి మచ్చ చూపించిందంతే. మీ నాన్న గట్టు పీకించి సొంత డబ్బుతో కొత్తది వేయించాడు. పిచ్చా నీకు అని కేకలేశాను. "ఆవిడ రోజూ ఆ గట్టు దగ్గరే నిలబడాలి కదా బావగారూ" అన్నాడు. ఇంకేమంటాను?

అందుకని లోడు దించకముందే తెల్లగుడ్డ అసిటోన్‌తో, అదే గోళ్లరంగు తుడిచే ద్రావకంతో, తడిపి స్లాబు మీద గట్టిగా రుద్దు. గుడ్డ నల్లబడితే లారీ వెనక్కి పంపెయ్, తెచ్చింది చుట్టాలైనా సరే. కొన్నవాళ్లకు బాత్రూం యాసిడ్ వాడొద్దని చెప్పు, మెరుపు పోతుంది.

మొదటి లారీ వచ్చేరోజు ముందే ఫోన్ చెయ్యి. పొద్దున్నే గుంటూరులో బస్సెక్కుతాను. అసిటోన్ సీసా నేనే తెస్తాను.

మీ మామయ్య