చచ్చి చచ్చి మళ్లీ అదే బాస్ దగ్గరికా?

గేమ్స్ గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అన్నా, ఎస్వీ యూనివర్సిటీలో పీజీ చేస్తున్నా. మా రూమ్మేట్ ‘హాలో నైట్’ అని ఒక గేమ్ ఆడతాడు. రాత్రి భోజనం అయ్యాక కూర్చున్నాడంటే ఒకే బాస్ (దారికి అడ్డంగా ఉండే పెద్ద శత్రువు) చేతిలో చావడం, తిట్టుకోవడం, మళ్లీ దాని దగ్గరికే పోవడం, ఇదే పని. నేనూ ఒకసారి తీసుకుని ఆడా, అరగంటకే విసుగొచ్చి ఇచ్చేశా. త్రీడీలో కళ్లు చెదిరే గేమ్స్ ఇన్ని ఉండగా, పక్కనుంచి కనబడే ఈ టూడీ బొమ్మలాటలో అంత కష్టపడటంలో మజా ఏముంది? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, మజా కష్టంలో లేదు. కష్టమే మజా అయితే మే నెల మిట్టమధ్యాహ్నం లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా మజాగానే ఉండాలి కదా. ఎందుకు చచ్చామో చచ్చిన క్షణంలోనే తెలిసిపోతుంది చూడు, అసలు సంగతి అక్కడుంది.

నువ్వు అరగంట ఆడానన్నావు కాబట్టి ఫాల్స్ నైట్ దాకా వచ్చావో లేదో తెలీదు, హాలో నైట్‌లో చాలామందికి మొదట తగిలే పెద్ద బాస్ వాడు. ఒళ్లంతా కవచం, చేతిలో పెద్ద గద. మొదటిసారి చూస్తే గది నిండా వాడే ఉన్నట్టుంటుంది, ఎటు పోయినా తగులుతుంది, అన్యాయం అనిపిస్తుంది. కొన్నిసార్లు చచ్చాక కన్ను మెల్లగా అలవాటు పడుతుంది. వాడు గదతో కొట్టే ముందు దాన్ని వెనక్కి లాగి ఒక్క క్షణం ఆగుతాడు. నేలను కొడితే అక్కడినుంచి ఒక అల నేల వెంబడే నీ వైపు వస్తుంది, అది దాటేలా ఎగిరితే చాలు. గాల్లోకి లేస్తే వాడి కిందనుంచి దూరిపోవచ్చు. వాడి వేగం ఏమీ తగ్గలేదు, నీ కత్తికి పదును పెరగలేదు, నీ కంటికి వాడు చేయబోయేది ముందే కనబడటం మొదలైంది, అంతే. నిన్న రాత్రి కనబడనిది ఈ రోజు కనబడుతుంటే ఆ ఫీలింగ్ కోసమే మీ రూమ్మేట్ మళ్లీ మళ్లీ పోతున్నాడు. తిట్టుకోవడం దాంట్లో భాగం, పట్టించుకోకు.

ఇది టూడీలోనే ఎందుకు బాగా కుదురుతుందంటే, త్రీడీలో సగం యుద్ధం కెమెరాతోనే. శత్రువు వెనక ఉంటాడు, నీకు కనబడడు, గోడకు ఆనుకుంటే కెమెరా గోడలో దూరుతుంది, చచ్చాక తప్పు నీదా గేమ్‌దా అని గొడవ. టూడీలో ఆ సాకు లేదు. నువ్వు, వాడు, మధ్య దూరం, అన్నీ ఒకే తెరమీద. ‘కొంచెం ముందే ఎగిరా’, ‘ఒక దెబ్బ ఎక్కువ కొడదామని ఆశపడ్డా’ అని నీకే తెలుస్తుంది. గ్రాఫిక్స్ మాటకొస్తే, చేత్తో గీసిన ఆ బొమ్మల్లో ప్రతి కదలికా నీకు వార్నింగ్ ఇవ్వడానికే ఉంటుంది, అందం దాంతోపాటు వచ్చింది.

ఇంకొకటి చెప్పాలి, హాలో నైట్‌లో నాకు బాగా నచ్చేది ఇదే. మొదట్లో నీకు ఐదు ప్రాణాలు, వాటిని మాస్కులంటారు. దెబ్బ తగిలితే ఒకటి పోతుంది. తిరిగి తెచ్చుకోవాలంటే మందు సీసాలేవీ ఉండవు, శత్రువుని కొడితే ‘సోల్’ వస్తుంది, మూడు దెబ్బలు కొడితే ఒక మాస్కుకి సరిపడా. ఆ సోల్ వాడి గాయం మాన్చుకోవాలంటే మాత్రం బటన్ నొక్కి పట్టుకుని, దాదాపు సెకను పాటు కదలకుండా నిలబడాలి. అంటే భయపడి మూలకి పారిపోతే ప్రాణం రాదు, దగ్గరికి పోయి కొడితేనే వస్తుంది, కొట్టాక మళ్లీ ధైర్యంగా ఆగితేనే దక్కుతుంది. ఒక్క మాస్కు మిగిలినప్పుడు ఆ సెకను ఎంత టెన్షనో ఆడినవాళ్లకే తెలుసు.

చచ్చిపోతే నీ డబ్బు, అంటే ‘జియో’, చచ్చినచోటే నీ నీడతో పాటు ఉండిపోతుంది. వెళ్లి ఆ నీడను కొట్టి తెచ్చుకోవాలి, దారిలో మళ్లీ చస్తే మొత్తం పోయినట్టే. ‘సాల్ట్ అండ్ శాంక్చువరీ’లో ఇంకా పచ్చిగా ఉంటుంది, నిన్ను చంపిన రాక్షసి దగ్గరే నీ ఉప్పు ఉంటుంది (అందులో లెవెల్ పెంచుకోవడానికి పనికొచ్చేది ఉప్పే), వెళ్లి దానితోనే తేల్చుకోవాలి.

ఇక చేతి నైపుణ్యం చాలనివాడి గతేంటి? అక్కడే ఆర్పీజీ భాగం, అంటే ఆడేకొద్దీ నీ పాత్ర బలం పెంచుకునే పద్ధతి, ఆదుకుంటుంది. బాస్ లొంగకపోతే వదిలేసి వేరే దారిన పోవచ్చు. నీ కత్తి మొదట 5 పాయింట్ల దెబ్బ వేస్తుంది, సాన పట్టించుకుంటూ పోతే చివరికి 21 దాకా వస్తుంది. చార్మ్స్ అనే తాయెత్తుల్లాంటివి దొరుకుతాయి, ఏది పెట్టుకోవాలో నీ ఇష్టం. లెవెల్స్ లేవు కాబట్టి ఇది ఆర్పీజీయే కాదు అని వాదించేవాళ్లున్నారు, వాళ్లతో పెట్టుకోకు, తెల్లారిపోతుంది. ఈ కలయిక కొత్తదీ కాదు. నింటెండో 1987లోనే రెండో జెల్డా గేమ్‌లో పక్కనుంచి కనబడే కత్తియుద్ధానికి లెవెల్స్ జోడించింది, 1997లో కోనామీ ‘క్యాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ద నైట్’ దాన్ని ఒక పెద్ద కోటంతా తిరిగే ఆటగా మార్చింది. హాలో నైట్ 2017లో వచ్చింది, ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే చాలా చిన్న బృందం చేసింది.

మా వయసువాళ్లు టీవీకి క్యాసెట్ గేమ్ పెట్టుకుని ‘కాంట్రా’ ఆడారు, అదీ కష్టమే. మూడు ప్రాణాలు, అవీ కంటిన్యూలూ అయిపోతే మొదటినుంచి, సేవ్ అనే మాటే లేదు. ఇప్పటి గేమ్స్ అంత దూరం వెనక్కి తోయవు, దగ్గర్లోని బెంచీ (హాలో నైట్‌లో ఆట సేవ్ అయ్యే చోటు) మీద కూర్చోబెడతాయి. నువ్వు మళ్లీ ప్రయత్నిస్తే ఫాల్స్ నైట్ దాకా ఆడు, అప్పటికీ ఎక్కకపోతే వదిలెయ్. నచ్చకపోవడం తప్పేం కాదు.

ప్రశ్న: బాబూ, మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఇలాంటి గేమే ఏదో ఆడతాడు, పేరు అడిగితే నీకు తెలీదులే అంటాడు. అన్నానికి రమ్మంటే ‘అమ్మా, ఇప్పుడు ఆపలేను’ అని అరుస్తాడు. మొన్న ఓడిపోయి రిమోటు లాంటిది మంచం మీద విసిరికొట్టాడు. డబ్బులు కూడా పోతాయేమోనని భయంగా ఉంది. మాన్పించమంటారా? – ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి. ఈ తరహా గేమ్స్ ఎక్కువగా ఒకసారి కొనుక్కుని ఒంటరిగా ఆడుకునేవి. హాలో నైట్ లాంటివైతే లోపల ఇంకేమీ కొనమని అడగవు, ఎదుట తెలియని మనుషులెవరూ ఉండరు. పందెం కట్టే యాప్‌లు, ఆన్‌లైన్ రమ్మీ లాంటివి వేరే సంగతి, వాటితో దీన్ని కలపొద్దు. ఏది ఆడుతున్నాడో మాత్రం పక్కన కూర్చుని ఒకసారి చూడండి. పేరు చెప్పనివాడు కూడా ‘ఆ బాస్ ఎలా కొడతాడు నాయనా’ అని అడిగితే పావుగంట చెబుతాడు.

‘ఆపలేను’ అనేది సగం నిజం. ఆట మధ్యలో ఆపి పక్కన పెట్టొచ్చు. కానీ చాలావాటిలో ఎక్కడ పడితే అక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టడం కుదరదు, పూర్తిగా మూసేస్తే బెంచీ లాంటి చోటుకి వెనక్కి పోవాలి, వచ్చిన దారంతా మళ్లీ నడవాలి. కాబట్టి ‘ఈ క్షణమే లే’ అనకుండా ‘బెంచీ దగ్గర కూర్చోగానే రా’ అనండి. ఆ మాట మీ నోట వింటే ముందు ఆశ్చర్యపోతాడు, తర్వాత ఇంకో సాకు వెతుక్కోవడం కష్టమవుతుంది.

విసిరికొట్టడం మాత్రం ఊరుకోకండి. కోపం వచ్చాక చేతులు తొందరపడతాయి, ఆ తర్వాత ఎన్నిసార్లు ఆడినా ఇంకా త్వరగా చస్తాడు, ఈ సంగతి వాడికీ తెలుసు. విసిరితే ఆ రోజుకి ఆట బంద్ అని ముందే చెప్పి పెట్టుకోండి. పరీక్షల నెలలో మాత్రం నేను మీ పక్షమే.

ప్రశ్న: అన్నా, పాత ల్యాప్‌టాప్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు. వీటిలో దేనితో మొదలుపెట్టాలి? సిల్క్‌సాంగ్ కొనొచ్చా? – చంద్రగిరి నుంచి

జవాబు: హాలో నైట్‌తోనే మొదలుపెట్టు, పాత మెషీన్ మీద కూడా సర్దుకుంటుంది. కొనేముందు స్టోర్‌లో అడిగే కనీస కాన్ఫిగరేషన్ మాత్రం చూసుకో. వీలైతే ఒక మామూలు కంట్రోలర్ కొనుక్కో, కీబోర్డు మీద ఆడేవాళ్లున్నారు కానీ వేళ్లు లాగేస్తాయి.

సిల్క్‌సాంగ్ హాలో నైట్‌కి తర్వాతి భాగం, 2025 సెప్టెంబర్‌లో వచ్చింది, అదే టీమ్ చెర్రీది. మొదటిది పూర్తి చేయకుండా దాంట్లో దిగొద్దని నా మాట. అందులో మొదట్లోనే చాలా దెబ్బలకి రెండేసి మాస్కులు పోతాయి. విడుదలైన కొద్ది రోజులకే మొదట్లో వచ్చే ఇద్దరు బాసుల్ని తయారీదార్లే కొంచెం తగ్గించారంటే చూసుకో. బదులుగా అందులో మనం ఆడే పాత్ర హార్నెట్ ఒకేసారి మూడు మాస్కులు తిరిగి తెచ్చుకుంటుంది, గాల్లో ఉండగా కూడా. అలవాటైతే ఆట తీరే వేరు.

అది అయ్యాక ‘బ్లాస్ఫెమస్’ చూడు. స్పెయిన్‌లోని సెవిల్ ఊరివాళ్లు 2019లో తెచ్చారు, తమ ఊళ్లో పవిత్రవారం ఊరేగింపుల్లో వేసుకునే పొడవాటి మొనదేలిన టోపీనే హీరో తలకి ఇనుముతో చేసిపెట్టారు. బయటివాళ్లకి అదంతా వింతగా ఉంటుందేమో గానీ తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకో వేషం చూసి పెరిగినవాళ్లకి మొక్కు, నొప్పి, వేషం ఒకచోట కలవడం కొత్తేం కాదు. పాలెగాడిని బయటికి రప్పించడానికి గంగమ్మ తల్లి రోజుకో వేషం మార్చిన కథ ఉంది కదా, దాన్ని మనవాళ్లెవరైనా ఇలాంటి గేమ్‌గా చేస్తే మొదటి కాపీ నేనే కొంటా.

ప్రశ్న: ఈజీ మోడ్ పెట్టుకుంటే పరువు పోతుందా? – తిరుపతి నుంచే ఇంకొకరు

జవాబు: ఎవరి ముందు? ఫ్రాన్స్‌లో తయారైన ‘డెడ్ సెల్స్’ చాలా కఠినమైన గేమ్, చస్తే మొదటినుంచే. దానికి 2022లో అసిస్ట్ మోడ్ పెట్టారు, శత్రువు దెబ్బ ఎంత తగలాలో, చచ్చాక ఎక్కడినుంచి లేవాలో నువ్వే సర్దుకోవచ్చు. చేసినవాళ్లకే లేని పట్టింపు నీకెందుకు? కావాలంటే దెబ్బ తగ్గించి ఆడు, కదలికలు కంటికి పట్టాక మళ్లీ పెంచుకో. పెంచకపోయినా అడిగేవాడు లేడు. ఫోన్లో కూడా దొరుకుతుంది, కానీ టచ్ స్క్రీన్ మీద దాన్ని ఆడమని నేనైతే చెప్పను.