ఒక్క 20 టీబీ డిస్కా, రెండు 12 టీబీలా?

ప్రశ్న: కావలిలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి వీడియోలు, ఫొటోలు 7 టీబీ దాకా నాలుగైదు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. పాత డెస్క్‌టాప్‌లో ఒక 20 టీబీ హార్డ్ డిస్క్ వేసి ఇంట్లోనే సర్వర్‌లా వాడొచ్చా? పగలూ రాత్రీ నడిస్తే తట్టుకుంటుందా?

జవాబు: తట్టుకుంటుందండీ, దాని గురించి టెన్షన్ వద్దు. ఈ సైజు డిస్కులు ఎక్కువగా డేటా సెంటర్లకో, నాస్ పెట్టెలకో (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే స్టోరేజ్ పెట్టెలు) చేసినవే. లోపల గాలికి బదులు హీలియం ఉంటుంది, 24 గంటలూ తిరగడానికే తయారవుతాయి. నా అభ్యంతరమల్లా ఆ "ఒక్క" దగ్గరే. మీ దగ్గరున్నవి మళ్లీ తీయలేని పెళ్లిళ్లు. అన్నీ ఒకే డిస్కులోకి ఎక్కించి పాతవి ఫార్మాట్ కొట్టేస్తే, అది పోయిన రోజు ఎవరికీ ఏమీ చెప్పుకోలేరు.

రెండు 12 టీబీలు కొని మిర్రర్ చేయండి (అంటే ఒకే డేటా రెండింట్లోనూ ఒకేసారి రాసేలా పెట్టండి), విండోస్‌లో ఒక్కోటి 10.9 టీబీగా కనిపిస్తుంది, మీకు చాలు. ఒకటి పాడై కొత్తది పెట్టినప్పుడు సెకనుకు 250 ఎంబీ చొప్పున ఆగకుండా రాసినా 12 టీబీకి 13 గంటలు, అదే 20 టీబీకైతే 22 గంటలు పడుతుంది, నిజానికి డిస్క్ లోపలి భాగంలో వేగం తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే, అంతసేపూ మిగిలిన డిస్కే దిక్కు.

అయితే మిర్రర్ బ్యాకప్ కాదు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ పోతుంది. కాబట్టి పాత ఎక్స్‌టర్నల్ డిస్కులను అలాగే ఉంచి, ఒక కాపీ ఒంగోల్లోనో నెల్లూరులోనో చుట్టాలింట్లో పెట్టండి, వెళ్లినప్పుడల్లా కొత్తవి ఎక్కించి రండి.

కొనేటప్పుడు సీఎంఆర్ (ట్రాకులను ఒకదానిమీద ఒకటి కప్పకుండా పక్కపక్కన రాసే) రకమేనని స్పెసిఫికేషన్‌లో చూసుకోండి. ట్రాకులు ఒకదానిమీద ఒకటి కప్పుతూ రాసే ఎస్ఎంఆర్ రకం రీబిల్డ్ వేళ (కొత్త డిస్కులోకి డేటా మళ్లీ రాసేటప్పుడు) బాగా నెమ్మదిస్తుంది. వెస్టర్న్ డిజిటల్ రెడ్ 2 నుంచి 6 టీబీ మోడళ్లలో కొన్నిటికి ఇదే వాడారని 2020లో బయటపడి పెద్ద గొడవైంది. మరీ చవగ్గా దొరికితే అనుమానించండి: 2025 మొదట్లో జర్మనీలో వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్కులను కొందరు కొత్తవని అమ్మారు, డిస్క్ ఎన్ని గంటలు తిరిగిందో చెప్పే స్మార్ట్ రీడింగులను కూడా సున్నా చేసేశారు. సీరియల్ నంబరుతో కంపెనీ సైట్‌లో వారంటీ చూసుకున్నాకే డబ్బు కట్టండి.

మన వైపు ఎండలకి రేకుల గదిలో, మేడమీద మాత్రం పెట్టొద్దు. క్యాబినెట్ ముందు ఫ్యాను తిరగాలి, డిస్క్ 45 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే మంచిది. ఇన్వర్టర్ ఉంటే స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో ఉంచండి, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ సిస్టమ్ రీస్టార్ట్ అయ్యే ప్రమాదముంది.

డిస్క్ పెట్టగానే విండోస్ డిస్క్‌ను భాగాలుగా పంచే పద్ధతి ఎంబీఆరా, జీపీటీనా అని అడుగుతుంది. జీపీటీ ఎంచుకోండి, ఎంబీఆర్‌లో 2 టీబీకి మించి వాడుకోలేరు.