నిద్ర కోసం మొదలైన క్వార్టర్

ప్రశ్న: మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. రెండు బోర్లు ఎండిపోయి, అప్పులు పెరిగాక మా ఆయనకు నిద్ర కరువైంది. నిద్ర పడుతుందని రోజూ ఒక క్వార్టర్ మొదలుపెట్టారు. అయినా రాత్రి మూడింటికి ఉలిక్కిపడి లేచి వాకిట్లో కూర్చుంటారు. ఇప్పుడు పొద్దున్నే తాగకపోతే చేతులు వణుకుతున్నాయి, టీ గ్లాసు కూడా పట్టుకోలేరు. తాగుడు మాన్పించే పొడి అని మా అత్త తెచ్చింది. ఆయనకు తెలియకుండా కూరలో కలపమంటోంది. కలపనా?

జవాబు: వద్దమ్మా, కలపొద్దు. ఆ పొట్లంలో ఏముందో మీకు తెలీదు. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ లాంటి మాత్ర పొడి అందులో ఉంటే, అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండె దడ వస్తాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టర్లు కూడా దాన్ని మనిషికి చెప్పి, ఒప్పించాకే ఇస్తారు. పైగా సంగతి తెలిసిన రోజు ఆయన మీ చేతి ముద్దనే అనుమానిస్తారు.

ఆ మూడింటి మెలకువ సంగతి చూడండి. తాగగానే మెదడు మందగించి కన్ను మూతపడుతుంది. కొన్ని గంటలకు మత్తు దిగేటప్పుడు అదే మెదడు రెట్టింపు ఉలికిపాటుతో లేస్తుంది. దడ, చెమట, ఊరికే భయం. అప్పు దిగులు నిజమే, దానికి తోడు ఈ రెండో దిగులు తాగుడు వల్ల వస్తున్నది. ఆయన రెండూ ఒకటే అనుకుని మళ్ళీ సీసా అందుకుంటున్నారు. ఇది చెడు బుద్ధి కాదమ్మా, భయపడిన మనిషి చిక్కుకున్న ఉచ్చు.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. పొద్దున వణుకు వస్తోందంటే ఒళ్ళు తాగుడుకు అలవాటు పడిపోయింది. పిల్లల మీద ఒట్టు వేయించో, మాల వేయించో ఒక్కసారిగా మాన్పిస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మనిషి మతి తప్పి మాట్లాడవచ్చు. భక్తిని తప్పుపట్టడం లేదు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. అనంతపురం ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. వణుకు తగ్గే మాత్రలు, బీ1 విటమిన్ ఇచ్చి జాగ్రత్తగా మాన్పిస్తారు. నిద్ర, భయం సంగతి కూడా తప్పకుండా చెప్పండి. వాటికి వైద్యం జరగకపోతే తాగుడు మళ్ళీ తిరిగొస్తుంది.

వెళ్ళేలోపు 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ. ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. "బతికి ఏం లాభం" లాంటి మాట ఆయన నోట వస్తే తేలిగ్గా తీసుకోకండి. పురుగుమందు డబ్బాలు ఈరోజే ఇంట్లోంచి తీసేయండి.

తాగుడు మాట ఎత్తకుండా, ఆయన తాగి లేని వేళ చూసి, "నీకు నిద్ర పట్టక ఎన్ని రోజులైంది, డాక్టర్‌కు చూపించుకుందాం పద, నేనూ వస్తా" అనండి.