సమాధానం: హైటెక్ సిటీ స్టేషన్‌లో మెట్రో మారొచ్చా?
సికింద్రాబాద్‌లో దిగి, ఎంఎంటీఎస్‌లో (హైదరాబాద్ లోకల్ రైలు) హైటెక్ సిటీకి వెళ్లి అక్కడే మెట్రో ఎక్కొచ్చా అని అడిగారు కదా, కుదరదండీ. పేరు ఒకటే గానీ రెండు స్టేషన్లూ వేరు, లగేజీతో నడిచే దూరం కాదు, ఆటోవాడికి కూడా ఏ స్టేషనో విడమరిచి చెప్పాలి.

ఎందుకు వేరంటే, 1874లో నిజాం కాలంలో వేసిన వాడి–సికింద్రాబాద్ లైను మీదే 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ మొదలైంది, మెట్రో వచ్చింది చాలా ఏళ్ల తర్వాత, అది కూడా సైబర్ టవర్స్ వైపు రోడ్డు మీదుగా.

మీరు సికింద్రాబాద్ స్టేషన్ బయటికొచ్చి సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రోలో రాయదుర్గం వైపు బండి ఎక్కేయండి, ఎక్కడా మారక్కర్లేదు. ఎంఎంటీఎస్సే కావాలంటే మాత్రం టికెట్ విడిగా తీసుకోండి, సికింద్రాబాద్ వరకే తీసుకున్న ఎక్స్‌ప్రెస్ టికెట్ అందులో చెల్లదు, టీసీ వస్తే ఫైన్ కట్టాల్సిందే.