304 ఇంకా రెడీ కాలేదు: ఒక యువ రచయితకు లేఖ

నెల్లూరు

అమ్మణ్ణీ,

నీ కథ అందింది. చదివి, కొంత ఆగి మళ్లీ చదివాను. దర్గామిట్టలో ఒక హోటల్, అందులో గదులు శుభ్రం చేసే రమణమ్మ, ఆమె చుట్టూ ఒక్క రోజు. నువ్వు ఎంచుకున్న మనిషి, ఎంచుకున్న చోటు రెండూ నాకు నచ్చాయి. మన వైపు కథల్లో వరి మడులు, రొయ్యల గుంటలు, పొగాకు బ్యారన్లు వచ్చినంతగా హోటల్ కారిడార్లు రాలేదు. ఇది నువ్వు రాయాలి, బాగా రాయాలి. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

రెండో పేజీలో చెకౌట్, స్టేఓవర్, డీఎన్‌డీ, పార్ స్టాక్, టర్న్‌డౌన్, స్కిప్పర్ లాంటి హోటల్ మాటలన్నీ ఒకే పేరాలో గుమ్మరించావు. ఒక్కోదాని పక్కన అర్థం కూడా రాశావు. అక్కడ రమణమ్మ మాయమైపోయి ట్రైనింగ్ పుస్తకం మిగిలింది. ఆ పదాలు తప్పని కాదు, దాదాపు అన్నీ సరిగ్గానే పట్టుకున్నావు. కానీ హోటల్లో ఎవరూ ఎవరికీ అర్థం చెప్పడానికి ఆ మాటలు వాడరు. ఎవరో ఎదురుచూస్తుంటే వాడతారు. కింద రిసెప్షన్లో పెళ్లివాళ్లు సూట్‌కేసుల మీద కూర్చుని ఉంటారు, పిలకాయలు ఏడుస్తుంటారు, పైకి ఫోను వస్తుంది: "304 అయిందా?" రమణమ్మ "ఇంకా డర్టీనే సార్, ఇప్పుడే చెకౌటయింది" అంటుంది. పాఠకుడికి ఇంక అర్థం చెప్పక్కర్లేదు.

ముందు ఆ గది ఎన్ని చేతులు మారుతుందో చూడు. గెస్ట్ బిల్లు కట్టి తాళం ఇచ్చాక గది వేకెంట్ డర్టీ. వీడీ అంటారు. రమణమ్మ దాన్ని శుభ్రం చేశాక వేకెంట్ క్లీన్. సూపర్‌వైజర్ వచ్చి బాత్రూమ్ కుళాయి తిప్పి, మంచం కింద చూసి, టీవీ వెనక వేలుతో గీసి, సరే అన్నాకే రెడీ. అప్పుడే రిసెప్షన్ దాన్ని ఇంకొకరికి ఇస్తుంది. గీజరు పాడైతే ఔట్ ఆఫ్ ఆర్డర్, ఇక ఆ గది లెక్కలోంచి పోయినట్టే. ఒక్కో మెట్టు దగ్గర మాట పడేది ఒక్కొక్కరు. నీ కథలో సూపర్‌వైజర్ రమణమ్మ మీద ఊరికే కేకలేస్తున్నాడు. ఊరికే ఎందుకు? డర్టీగా ఉన్న గదిని రిసెప్షన్‌లో తొందరపడి అమ్మేశారని పెట్టు. అప్పుడు అతని కేకకీ కారణం ఉంటుంది, ఆమె మౌనానికీ కారణం ఉంటుంది.

ఇంకో సంగతి నువ్వు తేల్చుకోలేదు. ఆ హోటల్లో చెకౌట్ మధ్యాహ్నం 12 గంటలకా, 24 గంటల పద్ధతా? మన ఊళ్లలో బస్టాండు, స్టేషన్ దగ్గరి లాడ్జీలు చాలావరకు 24 గంటల పద్ధతే. 12 గంటల హోటల్ అయితే రమణమ్మకు పదిన్నర నుంచి రెండింటి దాకా ఊపిరాడదు, ఆ తర్వాత కాస్త నెమ్మది. 24 గంటల లాడ్జి అయితే రద్దీ అంటూ ఒకటి ఉండదు, తెరిపీ ఉండదు. చెన్నై, విజయవాడ మధ్య రైళ్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. తెల్లవారుజామున మూడింటికి దిగినవాడు మర్నాడు తెల్లవారుజామున మూడింటికే ఖాళీ చేస్తాడు. ఆమె ఏ పూట అన్నం తింటుంది, ఏ బస్సుకి ఇంటికి పోతుంది, కూతురు స్కూలుకి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉంటుందా లేదా అన్నవన్నీ ఈ ఒక్క నిర్ణయం మీదే ఉన్నాయి. నువ్వు పొద్దుటి సీనులో 12 అని రాసి, సాయంత్రం సీనులో 24 చేసేశావు.

హౌస్‌కీపింగ్ పదాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి గెస్ట్ గురించిన ఊహలు. గది తీసుకుని రాత్రి అక్కడ పడుకోనివాడు స్లీప్ ఔట్. చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేనివాడు స్కాంటీ బ్యాగేజ్. బిల్లు కట్టకుండా జారుకున్నవాడు స్కిప్పర్. గెస్ట్ డబ్బు కట్టి వెళ్లిపోయినా రిసెప్షన్లో మార్చడం మరిచిపోతే, రాత్రంతా అమ్ముడుపోకుండా ఉండిపోయిన గది స్లీపర్. వీటిల్లో ఏదీ గెస్ట్ నోటితో చెప్పడు. గది చూసి తెలుసుకోవాలి. సబ్బు కవరు చింపలేదు, తువాలు పొడిగా ఉంది, బకెట్ బోర్లించినట్టే ఉంది, చెత్తబుట్ట ఖాళీ. పొద్దున ఫ్లోరంతా తిరిగి ఆమె రాసిన లెక్క, రిసెప్షన్ లెక్క పక్కపక్కన పెడతారు. రెండూ కలవని గదుల పట్టీనే డిస్క్రెపెన్సీ రిపోర్ట్ అంటారు. నీ కథకు కావలసిన ముడి ఆ పట్టీలో ఉంది. బయటినుంచి దొంగను తీసుకురానక్కర్లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను, నచ్చితే వాడుకో. ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దాయన భార్యను నెల్లూరు ఆస్పత్రిలో చేర్పించి, హోటల్లో గది తీసుకున్నాడు. పొద్దున మంచం చూస్తే ఒక్క ముడత లేదు. కొత్తగా చేరిన అమ్మాయి అయితే స్లీప్ ఔట్ అని రాసేస్తుంది. రమణమ్మ చూస్తే కాళ్ల దగ్గరి బ్లాంకెట్ మడత హోటల్ మడత కాదు, ఇంట్లో మడిచే మడత. ఒక దిండు గలీబుకి కింద గచ్చు మీది దుమ్ము అంటింది. మెత్తటి పరుపు మీద నిద్రపట్టక ఆయన నేల మీద పడుకున్నాడు. లేచాక ఎవరికీ పని పెట్టకూడదని అన్నీ తనే సర్దాడు. రమణమ్మ ఆక్యుపైడ్, అంటే మనిషి ఉన్న గది అని రాస్తుంది, మర్నాటికి అడగకుండానే ఒక దుప్పటి ఎక్కువ పెడుతుంది. ఇదంతా అరపేజీలో చెప్పొచ్చు. ఆమెకు ఎంత తెలుసో పాఠకుడికి అర్థమవుతుంది. నువ్వు రమణమ్మను జాలిపడాల్సిన మనిషిగా రాశావు. ఆమె మనుషుల్ని చదవగల మనిషి. జాలి తగ్గించి ఈ తెలివి చూపించు.

పక్క వేయడం గురించి ఒక్క వాక్యంలో దాటేశావు. అది ఆ పనికి గుండెకాయ. అక్కడ నిదానించు. పాత దుప్పట్లు ఒక్కొక్కటిగా దులిపి తీయాలి. మూటగా చుట్టేస్తే గెస్ట్ ఉంగరమో కళ్లద్దాలో లాండ్రీకి పోతాయి. పరుపు మీది ప్రొటెక్టర్ సరిచేసి, కింది దుప్పటి పరిచి, కాళ్ల వైపు అంచు పరుపు కిందికి నెట్టాలి. మూల దగ్గర వేలాడే బట్టను ఎత్తి, పరుపు మీద ఏటవాలుగా పెట్టి, మిగిలింది కిందికి దోపి, ఎత్తింది దించి మళ్లీ దోపితే 45 డిగ్రీల మడత వస్తుంది. దాన్ని మైటర్ కార్నర్ అంటారు. ప్రతి మూలకూ ఎడమచేత్తో పరుపు ఎత్తి పట్టుకోవాలి. పెద్ద హోటళ్లలో సాధారణంగా ఒక్కొక్కరికి 12 నుంచి 16 గదులు పడతాయి. రోజుకి ఎన్ని మూలలో, ఎన్నిసార్లు నడుము వంచాలో లెక్క వేసుకో. దిండు గలీబు తెరిచి ఉన్న వైపు తలుపుకి కనపడకూడదు. ఇలాంటి వివరం ఒక్కటి చాలు, ఈ రాసినామె అక్కడ నిలబడి చూసిందని చదివేవాళ్లు నమ్ముతారు.

శుభ్రం చేసే మందుల సంగతి త్వరగా చెప్పేస్తాను. అద్దాన్ని ఆర్-2తో తుడిచిందని రాశావు. టాస్కీ బ్రాండు సీసాల వరసలో అద్దానికి ఆర్-3. ఆర్-1 బాత్రూముకి, ఆర్-2 నేలకీ గచ్చుకీ, ఆర్-4 చెక్క సామాను మెరుపుకి, ఆర్-5 గది వాసనకి, ఆర్-6 టాయిలెట్‌కి. చిన్న లాడ్జిలో ఈ సీసాలు ఉండకపోవచ్చు, ఫినాయిలు, యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఉంటాయి. అక్కడ ఒక ప్రమాదం ఉంది. యాసిడ్ ఉన్న టాయిలెట్ మందునీ బ్లీచింగునీ కలిపితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూములో అది ఊపిరికి ముప్పు. నీ కథలో రమణమ్మ దగ్గు ఎందుకో నువ్వు చెప్పలేదు. కారణం ఇదని పెట్టినా తప్పు లేదు, కానీ పెడితే అలా కలపమని ఎవరు చెప్పారో కూడా రాయి.

పార్ స్టాక్ అనే మాట తీసేయకు, కథలోకి వానను తీసుకురా. హోటల్లోని మంచాలన్నిటికీ ఒకసారి పక్కలు వేయడానికి పట్టే బట్ట ఒక పార్. 40 గదులు, గదికో మంచం, మంచానికి రెండు దుప్పట్లు అనుకుంటే 80 దుప్పట్లు ఒక పార్. ఒకటి మంచం మీద, ఒకటి లాండ్రీలో, ఒకటి బీరువాలో, కాస్త ఎక్కువ ఉంటే మంచిది. అందుకే మూడు నుంచి అయిదు పార్‌ల దాకా పెట్టుకుంటారు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. డ్రయ్యర్ లేని హోటల్లో దుప్పట్లు మేడ మీద తీగల మీదే ఆరాలి. మూడు రోజులు ముసురు పట్టిందంటే లెక్క తప్పుతుంది. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు వైపు హైవే దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి, గుర్తుందిగా. అలాంటి రోజు ఊహించు. ఆ పొద్దున డ్యూ ఔట్ జాబితాలో, అంటే ఆ రోజు ఖాళీ చేయాల్సినవాళ్ల జాబితాలో ఉన్నవాళ్లు ఒక్కరూ కదలరు. గదులన్నీ స్టేఓవర్లే, గెస్టులు ఇంకా ఉండిపోయిన గదులే. అందరికీ కొత్త తువాళ్లు కావాలి, పైన తీగల మీద ఒక్కటీ ఆరలేదు. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి లేదని చెప్పాలి? ఆ నిర్ణయం మేనేజరుది కాదు, ట్రాలీ పట్టుకుని తలుపు ముందు నిలబడ్డ మనిషిది.

లాస్ట్ అండ్ ఫౌండ్ రిజిస్టరు గురించి రాసింది చాలా బావుంది, అయితే అందులో దొరికిన వాచీ కథ ఎక్కడైనా జరిగేదే. దర్గామిట్టలో హోటల్ పెట్టుకుని రొట్టెల పండగను ఎలా వదిలేశావు? బారా షహీద్ దర్గా అక్కడే, స్వర్ణాల చెరువు పక్కనే. మొహర్రం నెలలో ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, చెరువు నీళ్లలో నిలబడి కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె తీసుకుంటారు. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె. తీరితే మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఇప్పుడు చెకౌట్ అయిన గదిలో దిండు పక్కన, చేతిరుమాల్లో చుట్టిన సగం రొట్టె దొరికిందనుకో. రిజిస్టరు ప్రకారం బంగారమైతే విలువైన వస్తువు, మేనేజరు లాకరులో పెట్టాలి. బట్టలైతే అట్టపెట్టెలో చీటీ కట్టి ఉంచాలి. తినే వస్తువైతే పాడవుతుంది కాబట్టి పారేయాలి. మరి ఇది ఏ కాలమ్‌లోకి పోతుంది? అది ఎవరో నీళ్లలో నిలబడి తీసుకున్న సంతానం రొట్టె కావచ్చని రమణమ్మకు తెలుసు. వేరే ఊరి నుంచి వచ్చిన సూపర్‌వైజర్‌కు తెలియదు. నాకైతే నీ కథ అంతా ఈ ఒక్క గదిలో జరగాలనిపిస్తుంది. ఏం చేస్తుందో నేను చెప్పను, నువ్వే తేల్చు.

టర్న్‌డౌన్ మాత్రం కొట్టేయి. సాయంత్రం వచ్చి కర్టెన్లు వేసి, దుప్పటి మూల మడిచి, చెప్పులు మంచం పక్కన పెట్టే సేవ అది. నీ హోటల్ స్థాయికి అతకదు. చీమకుర్తి గ్రానైట్ కొనడానికి విదేశీ బయ్యర్లు వచ్చి దిగే ఒంగోలు హోటల్ కథ ఎప్పుడైనా రాస్తే, అప్పుడు కూడా విచారించుకుని వాడు.

పిలుపుల సంగతి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివొచ్చిన పాతికేళ్ల కుర్రాడు ఆమెను "రమణమ్మ గారూ" అని పిలవడు. "అక్కా" అంటాడు, కోపమొస్తే "ఏందక్కా ఇది" అంటాడు. ఆమె గెస్టుల ముందు అతన్ని "సార్" అంటుంది, ఫ్లోర్ ప్యాంట్రీలో టీ తాగేటప్పుడు "అబ్బయ్యా" అంటుంది. ఆ రెండు పిలుపులూ సరిగ్గా పడితే వాళ్లిద్దరి మధ్య ఏముందో వేరే చెప్పక్కర్లేదు.

తిరగరాసే ముందు ఆ పని చేసేవాళ్లతో మాట్లాడు. మధ్యాహ్నం పూట హోటల్‌కి పోవద్దు, అది వాళ్లకు చచ్చేంత పని ఉండే వేళ. షిఫ్ట్ దిగాక, బస్సు కోసం నిలబడ్డప్పుడు పలకరించు. కథ కోసమని ముందే చెప్పు. ఫోన్లో రికార్డు చేయకు, వాళ్లకు టెన్షన్. సూపర్‌వైజర్ కంటపడితే ఉద్యోగానికే ఇబ్బంది. హోటల్ పేరు, అసలు పేర్లు, గది నంబర్లు కథలోకి రానీయకు. "మీకేం కష్టాలు?" అని అడిగితే కష్టాలే చెబుతారు. "ఈ రోజు ఏ గది ఎక్కువసేపు పట్టింది, ఎందుకు?" అని అడుగు. ఆ జవాబు మొత్తం రాసుకుని నాకు పంపు, మార్చిన కథ తర్వాత పంపుదువుగాని.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ