ఆ రాత్రి చెప్పిన మాట నాన్నకూ తెలియాలి

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. మా పెద్దమ్మాయికి ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో బయాలజీ సీటు వచ్చింది. రోడ్ ఐలాండ్‌లోని బ్రౌన్ యూనివర్సిటీలోనూ వచ్చింది. మే 1 లోపు ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి. మావారు ఆస్టిన్ అంటారు, అమ్మాయి బ్రౌన్ అంటుంది. మొన్న రాత్రి నా పక్కన పడుకుని, ‘‘అమ్మా, అసలు డాక్టర్ అవ్వాలనుందో లేదో నాకే తెలీదు. లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం) అంటే ఇష్టం. నాన్నకి చెప్పకు’’ అంది. మావారు రెండుసార్లు ఎంసెట్ రాసినా మెడిసిన్ సీటు రాలేదు. బీఎస్సీ, ఎంసీఏ చేసి ఈ దారికొచ్చారు. బ్రౌన్ వాళ్లు ఆర్థిక సాయం ఏమీ ఇవ్వలేదు. ఇంటి మీద లోన్ తీసుకుని పంపనా? బాబు ఇంకా ఎనిమిదో తరగతి.

జవాబు: అమ్మా, పదిహేడేళ్ల పిల్ల అర్ధరాత్రి వచ్చి ‘నాకే తెలీదు’ అని తల్లితో చెప్పుకోగలిగింది. ఆ చనువు ఎన్నో ఇళ్లలో ఉండదు. ముందు దానికి సంతోషించండి.

మన దగ్గర పదో తరగతి అవగానే బైపీసీయా, ఎంపీసీయా అని అడుగుతారు. ఆ ఒక్క మాటతో బతుకు దారి ఖాయమైపోతుంది. మీవారు ఆ దారిలో నడిచి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చిన మనిషి. అందుకే కూతురు ‘ప్రీమెడ్’ (డిగ్రీ తర్వాత మెడిసిన్‌లో చేరడానికి సిద్ధమయ్యే చదువు) అన్నప్పుడు ఆయనకు అది సీటొచ్చినట్టే వినపడి ఉంటుంది. కానీ అక్కడ ప్రీమెడ్ అనే డిగ్రీ లేదు. బయాలజీ, ఫిజిక్స్ ఏడాదేసి, కెమిస్ట్రీ దాదాపు రెండేళ్లు, బయోకెమిస్ట్రీ, కొంత ఇంగ్లీషు చదివి, మెడికల్ కాలేజీ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రాస్తే, లింగ్విస్టిక్స్ డిగ్రీతోనూ మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టొచ్చు. దరఖాస్తు పెట్టినవాళ్లలో సగానికి పైగా ఆ ఏడాది ఎక్కడా చేరలేకపోతున్నారు కూడా. కాబట్టి మీ అమ్మాయికి ఇంకో చదువు మీద మనసుండటం ప్రమాదమేమీ కాదు. ఆమెకు అదే ఆసరా.

ఆస్టిన్‌లో చదివితేనే టెక్సాస్‌లో మెడికల్ సీటు వస్తుందని మీవారి లెక్క అయితే, అది సరి కాదు. అక్కడి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు కనీసం 90 శాతం సీట్లు రాష్ట్రవాసులకే ఇవ్వాలన్నది నిజమే. అయితే చూసేది మీ నివాసం. మీరు టెక్సాస్‌లోనే ఉంటే, అమ్మాయి బ్రౌన్‌లో డిగ్రీ చేసినా ఆ అర్హత పోదు.

బ్రౌన్ మీద ఆమెకున్న మోజు గాలివాటుది కాదు. 1969 నుంచి అక్కడ అందరూ చదివి తీరాల్సిన సబ్జెక్టుల జాబితా లేదు, ఎవరి చదువు వాళ్లే అల్లుకుంటారు. తప్పిన సబ్జెక్టు బయటికి పంపే మార్కుల పట్టికలో కనపడదు. ఏదీ తేల్చుకోని పిల్లకు అంతకంటే అనువైన చోటు దొరకడం కష్టం. ఆస్టిన్‌లో మొదటి ఏడాది కెమిస్ట్రీ క్లాసులో వందల మంది కూర్చుంటారు. ఇదంతా తెలిసే చెబుతున్నాను: నా మనసు ఆస్టిన్ వైపే ఉంది.

కారణం డబ్బే, కానీ పొదుపు గురించి కాదు. బ్రౌన్‌లో తిండి, బసతో కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటుతుంది. మీకు ఆస్టిన్‌లో దాదాపు 30 వేలు. నాలుగేళ్లకు తేడా 2 లక్షల 40 వేలు. ఆపైన మెడిసిన్ ఖర్చు వేరు. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే మెడికల్ విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లకు మించి ఇవ్వదు. ఇంటి మీద అప్పు చేసి పంపారనుకోండి. రెండో ఏడు ఆర్గానిక్ కెమిస్ట్రీ క్లాసులో ‘ఇది నాకొద్దు’ అనిపిస్తే, ఆ పిల్ల నోరు విప్పి చెప్పగలదా? మీరు ఒక్క మాట అనకపోయినా ఇల్లు గుర్తొస్తుంది, తమ్ముడు గుర్తొస్తాడు. మనసు మార్చుకోవడానికి వీలుంటుందనే అమ్మాయి బ్రౌన్‌ను కోరుకుంటోంది. ఆ వీలును అప్పే లాగేసుకుంటుంది.

అయితే ‘ఆస్టిన్ వెళ్లు, డాక్టరవ్వు’ అనే షరతుతో పంపేటట్టయితే నా సలహా పనికిరాదు. అందుకే నాన్నకు తెలియాలి. ‘చెప్పకు’ అంది కాబట్టి మీరు చాటుగా చెప్పొద్దు. అలా చేస్తే ఇంకోసారి మీ పక్కన పడుకుని ఏదీ చెప్పదు. ‘‘నువ్వే చెప్పు, నేను పక్కనే ఉంటా’’ అనండి. వచ్చే శనివారం ముగ్గురూ కారులో ఆస్టిన్ వెళ్లి రండి. మూడు గంటలకు పైగా ప్రయాణం, ఎదురెదురుగా మొహాలు చూసుకోనక్కర్లేదు. మన ఇళ్లలో బరువైన మాటలు అలాంటప్పుడే బయటికొస్తాయి. ఆయన కాసేపు మాట్లాడకపోవచ్చు. మీరు తొందరపడి సర్దిచెప్పకండి. ముక్తసరిగా ‘నీ ఇష్టం’ అన్నారంటే అది ఒప్పుకోవడం కాదు, మళ్లీ కదపండి. వీలు చూసి, ఆయన ఎంసెట్ రోజుల గురించి అమ్మాయినే అడగమనండి. రెండోసారి ఫలితాలొచ్చిన రోజు ఆయన ఇంట్లో ఎలా గడిచిందో ఆ పిల్లకు తెలిసి ఉండదు. ఆయన పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆమెకు భయం తగ్గుతుంది. చెబుతూ చెబుతూ ఆయనకూ తన కల ఏదో, కూతురి కల ఏదో విడివిడిగా కనపడొచ్చు.

డబ్బు కట్టేముందు ఒక పని ఉంది. బయాలజీ నుంచి లింగ్విస్టిక్స్‌కు మారాలంటే నిబంధనలేమిటో ఆస్టిన్ అడ్వైజర్‌ను అమ్మాయి చేతే మెయిల్‌లో అడిగించండి. అక్కడ ఇంజనీరింగ్, బిజినెస్, కంప్యూటర్ సైన్స్‌లోకి మధ్యలో మారడం చాలా కష్టం. లింగ్విస్టిక్స్ సంగతి ముందే రాతలో తెలుసుకోవడం మంచిది. మొదటి సెమిస్టర్‌లో కెమిస్ట్రీతో పాటు ఒక లింగ్విస్టిక్స్ క్లాసు కూడా తీసుకోమనండి. ఆస్టిన్ దగ్గరే కదా అని ప్రతి శుక్రవారం ఇంటికి రప్పించకండి.

ఇన్నీ విన్నాక కూడా బ్రౌనే అంటే, సాయం విషయం మళ్లీ పరిశీలించమని వాళ్లకు రాయండి. ఆదాయం, బాబు చదువు, మెడిసిన్ ఖర్చు అన్నీ ఒక కాగితం మీద వేసి అమ్మాయి ముందు పెట్టండి. దాచకండి, భయపెట్టకండి. ఇంటి మీద మాత్రం అప్పు చెయ్యకండి.