అరకిలో కేకు సగం ధరకే ఇస్తే మిగిలేదెంత?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఇంట్లోనే ఎగ్‌లెస్ కేకులు చేసి అమ్ముతున్నాను. కిలో 600, అరకిలో 300 రూపాయలు. నెలకు 25 ఆర్డర్లు వస్తే అందులో 18 అరకిలోవే. కిలోకు సరుకులు 270 అవుతాయి. అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ నిలవడం లేదు. నగలు తాకట్టు పెట్టి 60 వేలతో పెద్ద ఓవెన్, స్టాండ్ మిక్సర్ కొనవచ్చా?

జవాబు: అమ్మా, నగలు బీరువాలోనే ఉండనివ్వండి. చిక్కు మీ ఓవెన్‌లో లేదు, అరకిలో ధరలో ఉంది.

అరకిలోకు సరుకులు సగమే పడతాయి, నిజమే. కానీ క్రీమ్ గిలకొట్టడం, పేరు రాయడం, గిన్నెలు కడగడం, డిజైన్ గురించి ఫోన్లో మాట్లాడటం సగానికి తగ్గవు. కిలో కేకుకు చేతిపని రెండు గంటలైతే అరకిలోకు గంటన్నర పడుతుంది. కేకు ఓవెన్లో ఉన్న సేపు, చల్లారే సేపు ఇందులో కలపకండి. గంటకు 100 రూపాయలు మీ కూలి కట్టుకోండి.

అరకిలోకు సరుకులు 135, బోర్డు, డబ్బా, కత్తి, కొవ్వొత్తికి 40, కరెంటుకు 10, పాడయ్యే వాటికి 10, మీ కూలి 150. మొత్తం 345. మీరు అమ్ముతున్నది 300కి! కిలోకు ఇదే వరసలో 270, 50, 12, 20, 200 కలిపితే 552. ఈ రెండు మొత్తాల మీదా 15 శాతం వేయండి. బీటర్ కాలిపోయినా, ఓవెన్ రాడ్ పోయినా ఆ డబ్బే ఆదుకుంటుంది. అంటే పైకి సర్దుకుని అరకిలో 400, కిలో 650 పెట్టాలి.

కరెంటు దగ్గర చాలామంది పొరబడతారు. 2,000 వాట్ల ఓటీజీ (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్) ఒక కేకుకు సుమారు యూనిట్ పైన తీసుకుంటుంది. అది ఇంటి వాడకం మీద అదనంగా పడేది కాబట్టి సగటు రేటు కాకుండా, మీ బిల్లులో చివరి శ్లాబు రేటుతో లెక్కకట్టాలి.

పాత ధరలకే నెలకు 9,600 వస్తుంది. పై ఖర్చులు పోగా, మీ కూలి తీయకుండా, 3,600 దాకా కనబడాలి. కనబడటం లేదంటే ఎక్కడో కారుతోంది. ముందు తూకం చూడండి. స్కేలు మీద ఖాళీ బోర్డు పెట్టి సున్నా చేశాకే కేకు పెట్టండి. అరకిలో పేరుతో 600 గ్రాములు పోతుంటే ఒక్కోదానికి 27 రూపాయలు, 18 కేకులకు 486 పోయినట్టే. తర్వాత డెలివరీ. రేణిగుంటకో చంద్రగిరికో ఊరికే పంపుతుంటే, ఒక్కోదానికి 50 చొప్పున 25 ఆర్డర్లకు 1,250. ఇకపై దూరాన్ని బట్టి విడిగా తీసుకోండి. మిగతాది కూరగాయలకూ పాలకూ కలిసిపోయి ఉంటుంది. కేకుల డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ పెట్టండి.

కొత్త ధరలతో ఇవే 25 ఆర్డర్లకు 2,150 అదనంగా వస్తుంది. 60 వేల అప్పుకు ఏడాదికి 12 శాతమనుకున్నా వడ్డీకే నెలకు 600 పోతుంది, అసలు వేరే. రోజుకు ఒక్క కేకు కూడా పడని చోట పెద్ద ఓవెన్ ఖాళీగా కూర్చుంటుంది. ఆర్డర్లు నెలకు 50 దాటి చేతులు నొప్పెడితే మిక్సర్ ముందు కొనండి. అప్పుడు కూడా తాకట్టు లేకుండా ముద్ర శిశు రుణం (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఇచ్చేది) 50 వేల దాకా దొరుకుతుంది, బ్యాంకులో అడగండి.

ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ బేసిక్ రిజిస్ట్రేషన్ లేకపోతే వెంటనే ఆ సంస్థ వెబ్‌సైట్ ఫోస్కోస్ పోర్టల్లో చేయించుకోండి. ఏడాదికి 100 రూపాయలే. గుడ్డు కేకులు కూడా మొదలుపెడితే వాటి డబ్బా మీద శాకాహారమని చెప్పే పచ్చ గుర్తు వాడకూడదు, గుడ్డు మాంసాహారం కిందికే వస్తుంది. చెన్నై, వేలూరు ఆర్డర్లు మాత్రం ఇప్పుడే ఒప్పుకోకండి. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు పాత ధరకే ఇచ్చేయండి. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి కొత్త ధరలని ఈరోజే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. సగం అడ్వాన్సు అందాకే క్రీమ్ ప్యాకెట్ విప్పండి.